స్వప్నజనన శబ్దార్థము: నిద్రామూలికలును, కలలును

స్వప్నశబ్దమునకు సంస్కృతమున రెండర్థము లున్నవి. నిద్ర యొకటి, నిద్రలోఁ గనుపించు కల యొకటి. అమరసింహుఁడు నాట్యవర్గమున నిద్రాపర్యాయములను జెప్పుచు శయనము, స్వాపము మున్నగువానితోఁ గూడ స్వప్నశబ్దమును బఠించెను. ఉపనిషత్తులలో నా శబ్దమే జాగ్రత్సుషుప్తుల నడిమి యవస్థకుఁ బేరై కల యను నర్థమున రూఢమైనది. లాటిను భాషలో నీ ధాతువునకు సోదరమైన ధాతువునుండి పుట్టిన పదము రెండుగాఁ జీలి, సోమ్నుస్ అనఁగా నిద్రయు, సోమ్నియుమ్ అనఁగాఁ గలయు నైనవి. గ్రీకు భాషలోని హిప్నోస్ నిద్రకు మాత్రమే నిలిచినది. మన తెలుఁగున నీ చిక్కు లేదు. నిదుర వేఱు, కల వేఱు. అందువలననే సంస్కృతవైద్యగ్రంథమును దెనిఁగించువానికి స్వప్నశబ్దము కనఁబడినపు డెల్ల నొక్క క్షణ మాఁగవలసి వచ్చును.

చరకసంహిత సూత్రస్థానమున 25వ యధ్యాయమందు, ఏ కార్యమునకు నే ద్రవ్యము శ్రేష్ఠమో చెప్పు పట్టిక యొకటి కలదు. అందు స్వప్నజనకములలో గేదెపాలు శ్రేష్ఠమని చెప్పఁబడినది. ఇచట స్వప్నమనఁగా నిద్రయే యని ప్రకరణమువలన స్పష్టము. గేదెపాలు నిద్రను దెచ్చును. కలలను దెచ్చునని యాచార్యుని యుద్దేశము కాదు. అయినను బాఠశాలలో నీ పంక్తి చెప్పునపుడు చుఱుకైన విద్యార్థి యొకఁడు, నిద్రను దెచ్చు ద్రవ్యము కలలను మార్పకుండ విడుచునా యని యడిగినచో, దాని కుత్తరము ప్రకరణమునుండి లభింపదు. ఆ ప్రశ్నను జారిత్రకముగఁ బరిశీలించుటయే యీ వ్యాసమున నేను జేయఁబూనిన పని. దీనివెనుక రోగి ప్రాణమునకు సంబంధించిన విషయ మొకటి కలదు గాన నిది కేవల శబ్దవిచారముతోఁ దీఱదు.

ముందు గేదెపాల సంగతి. గుడివాడ ప్రాంతమందలి పెదపారుపూడి మొదలుకొని బందరు వఱకును, దివిసీమ వఱకును గల పల్లెలలో రాత్రి పడుకొనఁబోవుటకు ముందు కాఁగిన గేదెపాలు త్రాగుట చరకుని చదివినవారును, జదువనివారును జేయు పనియే. 1855వ సంవత్సరమున బెజవాడయొద్ద కృష్ణకు నానకట్ట పూర్తియైన పిదప కాలువనీరును, వరిగడ్డియు సమృద్ధిగఁ గల యీ సీమలో గేదెపాఁడికిఁ గొఱఁత లేదు. ఆవుపాలకంటె గేదెపాలలో వెన్న యధికము. అవి గురువు, స్నిగ్ధము, కఫవర్ధకము. నిద్ర తమోగుణమువలనను, శ్లేష్మమువలనను గలుగునని చెప్పిన శాస్త్రమునకు నీ గుణము లన్నియు సరిపడినవే. నేఁటివారు పాలలోని ట్రిప్టోఫాన్ అను పదార్థము నిద్రను దెచ్చునని చెప్పుచుందురు గాని, యొక గ్లాసెడు పాలలో నది యుండు పరిమాణ మట్టి ఫలమునకుఁ జాలదు. వెచ్చఁదనము, కడుపు నిండుట, నిత్యాభ్యాసము ననునవి చాలును. కలల విషయమున గేదెపాలు నిరపరాధులు.

ఇఁక విచారింపవలసినది మూలికలనుగూర్చి. ఇచటఁ బ్రాచీనగ్రంథము లొక వింతను జూపును. చరకుఁడు సూత్రస్థానమున నాలుగవ యధ్యాయమందు మూలికలను నేఁబది గణములుగా విభజించి యొక్కొక్క గణమునఁ బదేసి ద్రవ్యములను జెప్పెను. దగ్గునకు గణము కలదు, ఎక్కిళ్ళకుఁ గలదు, దురదకుఁ గలదు, తప్పిన తెలివిని మరల నిలుపుటకు సంజ్ఞాస్థాపన గణమును గలదు. నిద్రాజనన గణము మాత్రము లేదు. నేఁడు నిద్రకై యందఱు నడుగు నశ్వగంధ, అనఁగా మన పెన్నేరు, బల్యగణమునను, బృంహణీయగణమునను గూర్పఁబడినది. నిద్ర ప్రసక్తి యచట లేదు. 21వ యధ్యాయమున నిద్రపట్టనివానికిఁ జెప్పిన యుపచారములను జూడుఁడు: అభ్యంగము, నలుఁగు, స్నానము, మాంసరసములు, పెరుఁగుతోఁ గూడిన శాల్యన్నము, పాలు, నెయ్యి, మద్యము, మనస్సునకు సుఖము, ఇంపైన గంధములు, శబ్దములు, ఒడలు పిసుకుట, మెత్తని పడక, వేళకుఁ బడుకొనుట. సుశ్రుతుఁడు శారీరస్థానమునఁ దలకు నూనెయు, జెఱకునుండి పుట్టినవియు, ద్రాక్షయుఁ జేర్చెను. మనయిండ్లలోఁ దలంటిపోసికొనిన మధ్యాహ్నము కన్నులు మూఁతలు పడుట యెఱుఁగనివా రుండరు. ఈ రెండు పట్టికలలోను, మద్యము నొక్కదానిని మినహాయించినచో, మెదడును బలవంతముగ లోఁబఱుచు ద్రవ్యము లేదు.

ఈ మాటను మనస్సున నుంచుకొని స్వప్నాధ్యాయమునకుఁ బోవుదము. ఇంద్రియస్థానమున నైదవ యధ్యాయమందుఁ గల లేడు విధములుగాఁ జెప్పఁబడినవి: దృష్టము, శ్రుతము, అనుభూతము, ప్రార్థితము, కల్పితము, భావికము, దోషజము. చూచినవి, వినినవి, అనుభవించినవి, కోరినవి, ఊహించినవి కలలుగా వచ్చినచో వానికి ఫలము లేదని యాచార్యుని మతము. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమపైఁ బడిన యుప్పెనను గన్నులారఁ జూచినవానికి నీళ్ళు కలలోనికి వచ్చినచో నది యనుభూతము. దానిఁబట్టి శకునము చెప్పరాదు. పగటికలకును, మిక్కిలి చిన్నదానికిని, మిక్కిలి పెద్దదానికిని గూడ ఫలము లేదనెను. అతిగాఢనిద్ర లేనివాఁడే మనస్సుచేఁ గలలు గాంచునని యొక సూక్ష్మమును జెప్పెను. ఇంతటి వివేకము గల గ్రంథము లోకమున వేఱొకచోట నా కాలమున నున్నట్లు నాకుఁ దోఁపదు.

అయితే ఆ యధ్యాయము ముఖ్యప్రయోజన మరిష్టవిజ్ఞానము. మనోవహస్రోతస్సులు ప్రబలదోషములచే నిండినపుడు దారుణములైన కలలు గలుగుననియు, నవి మరణసూచకములనియుఁ జెప్పఁబడినది. కలలోఁ గుక్కలను, ఒంటెలను, గాడిదలను నెక్కి దక్షిణదిక్కునకుఁ బోవువాఁడు యక్ష్మచేఁ జచ్చును. ప్రేతములతోఁ గూడి మద్యము ద్రావుచుఁ గుక్కచే నీడ్వఁబడువాఁడు జ్వరముచేఁ జచ్చును. వాగ్భటుఁడు దక్షిణయాత్రావాహనములలో మహిషమును, వరాహమును గూడఁ జేర్చెను. గేదెపాలు ద్రావి పడుకొని దున్నపోతును గలగనిన పల్లెటూరివాని గతి యేమని నవ్వు వచ్చును గాని, యీ పట్టిక వెనుక నున్న విధి నవ్వఁదగినది కాదు. అరిష్టము కనఁబడిన రోగికిఁ జికిత్స చేయరాదని, చేసినచో వైద్యునకు నపకీర్తియు, నర్థహానియు నగునని శాస్త్రము. ఒక చెడ్డకలను బట్టి రోగిని విడిచిపెట్టుట కిట్లు మార్గ మేర్పడినది. కావున నా కల యెచటనుండి వచ్చినదన్న ప్రశ్నకు రోగి ప్రాణమే పణము.

చెడ్డకలకును మూలికకును గల సంబంధము మఱింత ప్రాచీనమైనది. అథర్వవేదమున నాలుగవ కాండమందు 17వ సూక్త మొక యోషధినిగూర్చినది. అపామార్గమని దాని పేరు సూక్తముననే యున్నది. ఆ సూక్తమునఁ దొలఁగింపఁబడఁగోరిన కీడులలో దుఃస్వప్నము మొదట నున్నది. అపామార్గము మన యుత్తరేణి. కాలువగట్లమీఁదను, బాటలప్రక్కను మొలచి పోవువారి పంచెలకు గింజల నంటించు నీ మొక్కను వినాయకచవితినాఁడు పత్రిలోఁ గోసి తేని పిల్లవాఁడు లేఁడు. నరకచతుర్దశినాఁ డభ్యంగసమయమున దీనినే తలచుట్టుఁ ద్రిప్పుదురు. అయితే యిచట మూలిక శరీరములోనికిఁ బోయి కలను మార్చుట లేదు; కల బైటినుండి వచ్చి యంటికొనిన మాలిన్యము, ఉత్తరేణి దానిని దుడిచివేయు చీపురు. అపమార్జనమను నర్థము పేరులోనే యున్నది గదా. మూలికకుఁ గలను దొలఁగించు శక్తిని మనవా రంగీకరించిరి. కలను బుట్టించు శక్తి మూలికకుఁ గలదని మాత్రము, నే నెఱిఁగినంత వఱకు, స్వప్నాధ్యాయముల నెవ్వరును జెప్పలేదు.

అట్లు చెప్పవలసిన యవసర మా కాలమున లేకపోవుటయే దీనికిఁ గారణమని నా యభిప్రాయము. చరకుని రోగి తలంటుకొని, పెరుఁగన్నము దిని, కథలు విని నిద్రపోయినవాఁడు. వాని కలలో మందు పాలు లేదు. తరువాతి శతాబ్దములలో స్థితి మాఱినది. శార్ఙ్గధరసంహితలో నహిఫేనము, అనఁగా నభిని, నల్లమందు, ప్రవేశించినది. చరకసుశ్రుతవాగ్భటుల కది తెలియదు. దేహమంతటను మొదట వ్యాపించి పిమ్మట జీర్ణమగు ద్రవ్యములకు భంగయు, నహిఫేనమును నుదాహరణములని శార్ఙ్గధరుఁ డనెను. సంగ్రహగ్రంథములలోఁ బిప్పలీమూలచూర్ణము, అనఁగా మన మోడి, బెల్లముతో నిద్రకై చెప్పఁబడినది. వేయించిన గంజాయిపొడి తేనెతో రాత్రి యిచ్చుటయుఁ గొన్నిఁట నున్నది. ఇట్లు చికిత్సాభాగము పెరిగినది. అరిష్టభాగ మెట్లున్నది యట్లే మిగిలినది. కొత్తమందుల నిచ్చు వైద్యుఁడు పాతపట్టికతోఁ గలలను జదువఁజొచ్చెను. ఈ పొసఁగమిని గుర్తింపకుండుట మన వైద్యవాఙ్మయచరిత్రమున నొక లోపమనియే నేను దలఁచెదను.

జాజికాయ చరిత్రము బందరువారికి సొంతమైనది. జాతీఫలము చరకునకుఁ దెలియును. ముఖవాసనకై నోట నుంచుకొనవలసినవానిలో దానిని జెప్పెను. అది పండునది తూర్పుదీవులలో బాందా ద్వీపములయందు. డచ్చివారు 1605లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిన ముఖ్యకారణ మీ సీమ యద్దకపుబట్ట. ఆ దీవులలో వెండికంటె మన బట్టకు మారకమెక్కువ. మన బట్ట నిచ్చి జాజికాయ, జాపత్రి, లవంగములఁ గొనెడివారు. 1621లో వారు బాందాను రక్తపాతముతో వశపఱచుకొని జాజికాయ వర్తకమును గుత్తకుఁ దీసికొనిరి. ఆ కాయ మన వంటింటి సానపైఁ గరక్కాయ, మాచకాయ, వసకొమ్ములతోఁ గలిసి యుగ్గులో నఱుగఁదీయఁబడి యేడ్చు బిడ్డకు నిద్ర తెచ్చు మందైనది. రెండు మూఁడు చుట్లు త్రిప్పినంతలో వచ్చు గంధము స్వల్పము. కాయలకుఁ గాయలే తినినచో ఫలము వేఱు. చెక్కుదేశీయ శరీరశాస్త్రజ్ఞుఁడు పుర్కిన్యే 1829లో మూఁడు జాజికాయలను దిని, నడచుచుండఁగనే కలలు ముంచుకొని వచ్చు స్థితిని దనయందుఁ బరీక్షించి వ్రాసెను. పిల్లలకు మితిమీఱి యుగ్గుఁబెట్టవలదని మన ముసలమ్మలు చెప్పుట కర్థము లేకపోలేదు.

కల యనఁగా నేమో కొంత తెలిసినఁ గాని మూలిక దానిని మార్చు మార్గము తెలియదు. 1953లో షికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్మన్ అనువారు నిద్రించువాని కనుగ్రుడ్లు రెప్పలక్రింద నుండియుండి వేగముగఁ గదలుటను గనిపెట్టిరి. ఆ సమయమున లేపినచో నధికభాగము కల గనుచుంటి ననియే చెప్పుదురు. దీనిని మనము చలనేత్రనిద్ర యందము. పెద్దవారి నిద్రలో నది యించుమించుగ నాల్గవ లేక యైదవ పాలు. తొంబదినిముసముల కొక్కమాఱు చొప్పున వచ్చుచు, తొలిజామునఁ గొంచెముగను, వేకువకు నధికముగను నుండును. తెల్లవాఱుజామునఁ గన్న కల నిజమగునని మనవారును, తొలిరాత్రి కల కల్పఫలమని చరకుఁడును జెప్పిన వ్యత్యాసమున కీ క్రమము చక్కఁగ సరిపోవుచున్నది. ఫలము మాట యటుండఁగా, వేకువకల బలమైన దనుటయు, దానినుండి లేచినవానికి జ్ఞాపకముండు ననుటయు సత్యము.

మద్యము, అభిని, గంజాయి యను మూఁడును నిద్రను దెచ్చునవే; మూఁడును సేవించిన వెంటనే యీ చలనేత్రనిద్రను దగ్గించును. అణఁపఁబడినది మఱల లేచునపు డినుమడించి లేచును. సాయంకాలము తాటికల్లు త్రాగినవాని దేహమున మద్యము సగము రాత్రికిఁ దీఱిపోవును. అంతట వేకువజామునఁ గలలు తెంపులేక వచ్చును. గంజాయి నేండ్ల తరబడి పీల్చినవాఁడు తనకుఁ గలలే రావనును. మానిన కొన్నినాళ్ళకు వానికిఁ జిత్రవిచిత్రములైన కలలు వచ్చి కొన్ని వారముల వఱకును దీఱవు. నల్లమందునకును విడుపున నిట్టి తిరుగుబాటు కలదు. 1893లో నేర్పడి మఱుసటియేఁట నివేదిక నిచ్చిన గంజాయిసంఘము పిచ్చియాసుపత్రుల లెక్కలను సోదించి, పిచ్చికిఁ గారణముగ గంజాయిని జూపిన సందర్భములలోఁ బెక్కు నిరాధారములని తేల్చెను. ఆ మందును విడిచినవాని రాత్రులనుగూర్చిన విచారణ మాత్రము చాలకాలమునకుఁ బిమ్మట నిద్రాపరిశోధనశాలలలోఁ గాని నడువలేదు. ఉమ్మెత్త యీ మూఁటికంటెను వేఱు: అది నిద్రలోఁ గలను గాక, మెలఁకువలోనే సన్నిపాతమును బుట్టించును. దానిని నిద్రామూలికలలోఁ జేర్చుట ప్రాణాపాయకరము.

నల్లమందు విషయమున డీక్విన్సీ అను నాంగ్లేయుఁడు 1821లోఁ బ్రకటించిన గ్రంథము ప్రసిద్ధము. వాని కలలలో మొసళ్ళును, ఈజిప్టు దేవతలును, మన విష్ణువును, శివుఁడును గూడఁ గనఁబడి వానిని దఱిమిరఁట. ఆయన హిందూదేశమును జూచినవాఁడు కాఁడు, చదివినవాఁడు. ఆ కలల యుద్ధతి నల్లమందుది, వేషములు శ్రుతములు. మందు కలకు బలము నిచ్చును గాని రూపము నీయదని దీనివలనఁ గ్రహింపవచ్చును. కృష్ణాతీరమునఁ బుట్టినవానికి నదే మందు దున్నపోతును జూపును, గట్టు తెగిన కాలువను జూపును. అట్టిచో దున్నపోతును బట్టి యముని, కాలువను బట్టి యాపదను జదువుట యెంత వఱకుఁ జెల్లును?

అన్నిఁటికంటె స్పష్టమైన సాక్ష్యము సర్పగంధయందుఁ గలదు. దీనిని దెలుఁగువారు పాతాళగంధి యని యందురు. పాతాళగరుడి యను పేరును గొంద ఱిచ్చుట కలదు గాని యా పేరు నిజముగ దూసరితీఁగకుఁ జెందినది. మూలికల యంగడిలో నీ రెంటికిఁ బొరపాటు రాకుండఁ జూచుకొనవలయును. ప్రాచీనసంహితలలో సర్పగంధశబ్దము ముఖ్యముగ విషప్రకరణములఁ గానవచ్చును. దానిని నేఁటి మొక్కతో నభిన్నమని నిశ్చయముగఁ జెప్పుటకుఁ బండితు లంగీకరింపరు. మొక్క తూర్పుకనుమల నీడలఁ బెరుగు చిన్నపొద, వేరు చేఁదు. బీహారు మొదలగు నుత్తరదేశములఁ బిచ్చికి మందని దీనికిఁ బేరు. నిద్రలేక తిరుగు నున్మత్తునకు నీ వేరిపొడి నిచ్చినచో శాంతించి పడుకొనును.

1931వ సంవత్సర మీ మూలిక చరిత్రమునఁ గీలకము. ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీయు, రఫత్ హుసేన్ సిద్దిఖీయు దీని వేరినుండి క్షారసత్త్వములను వేఱుచేసి, యందొకదానికి హకీం అజ్మల్‌ఖాను పేర అజ్మలిన్ అని నామకరణము చేసిరి. ఆ యేఁటనే కలకత్తాలో గణనాథసేనుఁడు, కార్తికచంద్ర వసువు ననువారు దీనిని పిచ్చికిని, రక్తపుపోటునకును మందుగాఁ బ్రకటించిరి. 1949లో బొంబాయివైద్యుఁడు రుస్తుం జాల్ వకీలు రక్తపుపోటు గల యేఁబదిమంది రోగులకుఁ దా నిచ్చి చూచిన ఫలమును బ్రిటిషు హృద్రోగపత్రికలోఁ బ్రచురించెను. 1952లో స్విట్జర్లండునందలి బాజెలు నగరమున సీబా కర్మాగారమువారు రెసర్పిన్ అను ముఖ్యసత్త్వమును విడఁదీసిరి. 1954లో న్యూయార్కున నేథన్ క్లైన్ దానిని మనోరోగులకుఁ బ్రయోగించి ఫలమును బ్రకటించెను. నూఱేండ్లలో నింతటి కీర్తిని బొందిన మనదేశపు వేరు వేఱొకటి లేదు.

ఆ కీర్తితోఁ గూడనే యొక ఫిర్యాదు పుట్టినది. మందు పుచ్చుకొనువారిలోఁ గొందఱు పీడకలలు వచ్చుచున్నవని చెప్పఁజొచ్చిరి. దినమునకు మిల్లీగ్రాములో నాల్గవవంతు మాత్రమే యిచ్చు మందు. పగలు శాంతించిన మనుష్యుఁడు రాత్రి యఱచుచు లేచుట వైద్యుల కాశ్చర్యమును గలిగించినది. కొందఱికి మనస్సు క్రుంగి యాత్మహత్యాచింత కలిగెననియు వ్రాసిరి. క్రుంగుదలకు నిజముగ నీ మందే కారణమా యనుటను దరువాతి పరిశోధకులు గట్టిగ శంకించిరి. పీడకలల ఫిర్యాదు మాత్రము నిలిచి, మందుల గ్రంథములలో నెక్కినది. 1960 తరువాతి పరిశోధనలలో దీనికిఁ గారణమును దెలిసినది. నిద్రను దెచ్చు మందులలోఁ బెక్కు చలనేత్రనిద్రను దగ్గించుచుండఁగా, రెసర్పిన్ దానిని మనుష్యులలో హెచ్చించును. మెదడునందలి నాడీకణములు సెరటోనిన్, నారడ్రెనలిన్ మొదలగు ద్రవ్యములను జిన్నచిన్న సంచులలో దాఁచికొనియుండును. రెసర్పిన్ ఆ సంచుల ద్వారమును మూసి నిలువలను ఖాళీ చేయును. చలనేత్రనిద్రకు నవి కళ్ళెము వంటివి. కళ్ళెము వదలినంతఁ గలలు పరుగెత్తును. ఫ్రాన్సుదేశమున లియోను నగరమందు మిషెల్ జూవే మున్నగువారు, రెసర్పిన్ ఇచ్చిన పిల్లుల మెదళ్ళలోఁ జలనేత్రనిద్రకే చెందిన విద్యుత్తరంగములు మెలఁకువలోఁ గూడఁ గలుగుటను జూచిరి.

చదువరు లిపుడు మొదటి శబ్దమును స్మరింతురు గాక. గేదెపాలను స్వప్నజనకమనినపు డొక యర్థమే పొసఁగును. సర్పగంధను స్వప్నజనక మనినచో రెండర్థములును బొసఁగును: నిద్రయు, గలయు.

జటామాంసి, తగర మొదలగువాని సంగతి యింత తీవ్రము కాదు. ప్రాచీన గ్రీకు, రోమకదేశములవారు పెద్దవెలపెట్టి కొనిన నార్దస్ అను గంధద్రవ్యము మన జటామాంసియే యని విలియం జోన్సు 1790 ప్రాంతమున ఆసియాపరిశోధనపత్రికలోఁ జర్చించెను. సామర్లకోటయందుఁ బెక్కేండ్లుండిన రాక్స్‌బరో పండితుఁడును దానికి వ్యాఖ్య చేర్చెను. ఐరోపావారు నిద్రకై వాడు వలేరియను వేరు దీని జ్ఞాతి. దానిని బుచ్చుకొనువారిలోఁ గొందఱు కలలు విశదముగ వచ్చునందురు. పెన్నేరునకు లిన్నేయుఁ డిచ్చిన జాతినామము సోమ్నిఫెరా, నిద్రావహమని దాని యర్థము; చరకుఁ డీయని బిరుదమును స్వీడనుదేశస్థుఁ డిచ్చెను! వేరిరసము నిద్రను గొంత శీఘ్రముగఁ దెచ్చునని యీనాఁటి పరీక్షలు చెప్పుచున్నవి. కాలేయమునకుఁ గీడు కలిగిన సందర్భములును బ్రకటింపఁబడినవి. 2023లో డెన్మార్కు ప్రభుత్వము దాని విక్రయమును నిషేధించినది. మూలికయగుట నిరపాయత్వమునకుఁ బ్రమాణము కాదని చెప్పుట కిది చాలును.

ఇంతకును, మందువలనఁ బుట్టిన కలను చరకుని యేడువిధములలో నెచటఁ జేర్పవలెను? ఔషధజమను నెనిమిదవ విధమును గల్పింపవలెనని కొందఱనవచ్చును. అట్టి కల్పన యవసరము లేదని నా మతము. దోషములు మనోవహస్రోతస్సులను నింపుటచేఁ గల కలుగునని యాచార్యుఁడే చెప్పెను. ఔషధము దోషములను జలింపఁజేయు నని యన్ని తంత్రములు నంగీకరించినవి. కావున మందుకల దోషజమే. ఎనిమిదవది చేర్చినచో సూత్రము చెడును. ఏడవదానిని విశాలముగ వ్యాఖ్యానించినచో సూత్రము నిలిచి యర్థము పెరుగును. చిక్కెచట ననఁగా, దోషజకల లన్నియు మరణసూచకములను భ్రాంతిలో నున్నది. రోగమువలన దోషము ప్రబలినపుడు కల రోగబలమునకుఁ జిహ్నము కావచ్చును. మందువలనఁ బ్రబలినపుడు కల మందుబలమునకే చిహ్నము. మందు మాన్పినచో, లేక తగ్గించినచో నది పోవును. పోవు చిహ్నము నరిష్టమనుట యరిష్టలక్షణమునకే విరుద్ధము.

దారుణస్వప్నముల పట్టిక ముగింపున చరకుఁ డొక భేదమును జెప్పెను. ఆ కలలను గన్న రోగి మరణించును. ఆరోగ్యవంతుఁడు గన్నచో సంశయస్థితిఁ బడి యెవఁడో యొకఁడు తప్పించుకొనును. రోగియు, నరోగియు నని యిద్దఱే యచటఁ జెప్పఁబడిరి. తలంటుచేతను, బెరుఁగన్నముచేతను నిద్రపోయిన యా కాలమున కిద్దఱు చాలుదురు. నేఁడు మూఁడవవాఁ డొకఁడున్నాఁడు: రాత్రి పడుకొనునపుడు వేరిపొడియో, గుళికయో, కల్లో పుచ్చుకొనువాఁడు, లేక నిన్నటివఱకుఁ బుచ్చుకొని నేఁడు మానినవాఁడు. పంచాంగమునందలి స్వప్నఫలములను జూచి చెప్పుమని పాఠశాలాపండితునొద్దకుఁ బల్లెలోనివా రెవరైన వచ్చినచో, కలలో నెక్కిన వాహనమేది, పోయిన దిక్కేది యని యడుగుటకు ముందు, పడుకొనునపు డేమి పుచ్చుకొంటివి, ఎన్నినాళ్ళనుండి, ఈ నడుమ మానితివా యని యడుగవలసియున్నది. బదులు సర్పగంధ యని వచ్చినచో నాతని వైద్యునొద్దకుఁ బంపవలెను. పంచాంగము నాఁటికి మూసియుండవచ్చును.